‘హ్యావ్’లో ఉన్న వర్తమానం

అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

ఇంగ్లిషులోని ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ టెన్స్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మన బడుల్లో దీనిని ‘ఇప్పుడే పూర్తయిన పనిని తెలిపేది’ అని ఒక్క వాక్యంలో నిర్వచించి, హ్యావ్ లేదా హ్యాజ్ పక్కన క్రియ మూడవ రూపం పెట్టాలని బట్టీ పట్టించి, తరువాతి పాఠానికి వెళ్ళిపోతున్నాం. పిల్లలను ఏళ్ళ తరబడి తికమక పెడుతున్నది ఆ నిర్వచనమేనని నా నమ్మకం. పని పదేళ్ళ కిందట జరిగినా ఈ రూపం వాడే సందర్భం ఉంటుంది, పది నిమిషాల కిందటే జరిగినా వాడకూడని సందర్భమూ ఉంటుంది. జరిగిన పనికీ, మనం మాట్లాడుతున్న ఈ క్షణానికీ మధ్య ముడి ఇంకా ఉన్నదా, తెగిపోయిందా అన్నదే చూడవలసిన విషయం.

ఇంటికి వచ్చి, తాళం వేసి ఉన్న తలుపు ముందు నిలబడి, జేబులన్నీ వెతుక్కుని ‘అయ్యో, తాళంచెవి పోయింది’ అన్నామనుకోండి. అది ‘ఐ హ్యావ్ లాస్ట్ మై కీ’. అదే ‘మొన్న తాళంచెవి పోయింది, సాయంత్రానికి సోఫా కింద దొరికింది’ అని చెబుతుంటే ‘ఐ లాస్ట్ మై కీ’ అవుతుంది. తెలుగులో రెండు చోట్లా ‘పోయింది’ అనే అంటాం కాబట్టి తేడా మనకు చెవికి తగలదు.

అలాగని ఈ భావం తెలుగుకు తెలియనిది కాదు. ఫోన్‌లో ఎవరైనా నాన్నగారి కోసం అడిగితే ‘గుంటూరు వెళ్ళారండీ’ అంటాం, అంటే ఇంకా తిరిగి రాలేదు: ‘హీ హ్యాజ్ గాన్ టు గుంటూర్’. ‘గుంటూరు వెళ్ళొచ్చారు’ అంటే మనిషి ఇంట్లోనే ఉన్నారు: ‘హీ హ్యాజ్ బీన్ టు గుంటూర్’. గాన్, బీన్ల తేడాను పేజీ నిండా వివరించే బదులు ఈ రెండు తెలుగు మాటలు బోర్డు మీద రాస్తే చాలు. అర్జీల్లో కనిపించే ‘ఇదివరకే దరఖాస్తు సమర్పించి యున్నాను’ అన్న వాక్యమూ ఇటువంటిదే. ఆ దరఖాస్తు ఇంకా మీ దగ్గర తేలవలసి ఉందని ఆ ‘యున్నాను’ గుర్తు చేస్తుంది.

ఇక కాలాన్ని తెలిపే మాటల సంగతి. ఒక విద్యార్థి తన ఉద్యోగ దరఖాస్తులో ‘ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2018’ అని రాసుకుని నాకు చూపించాడు. గడిచిపోయిన సంవత్సరం పేరు చెప్పగానే పని ఆ సంవత్సరంలోకి వెళ్ళిపోతుంది, కనుక అక్కడ హ్యావ్ నిలవదు. సంవత్సరం తీసేస్తే ఆ వాక్యమే చక్కగా ఉంటుంది, ‘నాకిప్పుడు డిగ్రీ ఉంది’ అని చెబుతుంది. ‘దిస్ మార్నింగ్’ అన్న మాట మరింత సున్నితమైనది. ఉదయం పది గంటలకు ‘ఐ హ్యావ్ హ్యాడ్ టూ కాఫీస్ దిస్ మార్నింగ్’ అనవచ్చు, సాయంత్రానికి ఉదయం గడిచిపోతుంది కాబట్టి ‘హ్యాడ్’ ఒక్కటే మిగులుతుంది.

మనవాళ్ళు ఎక్కువగా తడబడేది ‘నుంచి’ దగ్గర. ‘2015 నుంచి’, ‘పదేళ్ళ నుంచి’ అని రెండింటికీ మనకు ఒకే విభక్తి. ఇంగ్లిషులో మొదలైన బిందువుకు సిన్స్, గడిచిన నిడివికి ఫర్. పైగా మనం ‘పనిచేస్తున్నాను’ అంటాం కనుక ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అన్న వాక్యం తెలుగు అచ్చులోంచి నేరుగా వచ్చేస్తుంది. అనవలసింది ‘ఐ హ్యావ్ వర్క్‌డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’. అమెరికాలోని బంధువులు ‘హ్యావ్ యూ ఈటెన్ యెట్’ అనే బదులు ‘డిడ్ యూ ఈట్ యెట్’ అంటే దిద్దకండి, అది అక్కడి వాడుక.

నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. గురజాడ 1915లో కన్నుమూశారు. ఆయన గురించి చెప్పేటప్పుడు ‘గురజాడ హ్యాజ్ రిటెన్ కన్యాశుల్కం’ అంటే ఇంగ్లిషు చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది, ‘రోట్’ అనాలి. కానీ 1892లో తొలిసారి రంగమెక్కిన ఆ నాటకాన్ని కర్తగా నిలబెట్టి ‘కన్యాశుల్కం హ్యాజ్ బీన్ స్టేజ్డ్ మెనీ టైమ్స్’ అంటే నిక్షేపంగా ఉంటుంది. రచయిత వెళ్ళిపోయారు, నాటకం ఇంకా ఆడుతూనే ఉంది.