థ లోపలి చుక్క కోసం రెండు నెలలు: రిసెర్చ్ సోర్సులు వెతికే యాప్ రివ్యూ

అందరికీ నమస్కారం. ముందుగా ఒక మాట చెప్పేస్తాను. స్క్రీన్ మీద కనిపిస్తున్న ఈ యాప్‌ని కంపెనీ వాళ్ళు నాకు ఏడాది పాటు ఉచితంగా ఇచ్చారు. డబ్బులేమీ తీసుకోలేదు. ధర ఎంత, ప్లాన్లు ఎన్ని, ఎన్ని డేటాబేసులు కలిపారు, ఇవన్నీ మీరు ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు, వాటి జోలికి వెళ్ళను. మేం రెండు నెలలు దీన్ని ఒకే ఒక్క పని మీద వాడాం. ఆ పని గురించే చెప్తాను.

మా తమ్ముడు ఎం.ఏ. హిస్టరీ రెండో సంవత్సరం. ప్రాజెక్టుకి వాడు తీసుకున్న టాపిక్ బోటు లైబ్రరీ. మాది తెనాలి వైపు, కాలవ గట్ల మీద పెరిగాం. 1935 అక్టోబరులో, ఊరూరా లైబ్రరీల కోసం సాగిన గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారి పూనికతో, పుస్తకాలు వేసుకున్న పడవ ఒకటి కొల్లిపర నుంచి పెదవడ్లపూడి దాకా కాలవ మీద తిరగడం మొదలుపెట్టింది. ఒడ్డున ఉన్న ఊళ్ళకి పుస్తకాలు నీళ్ళ మీద వచ్చేవి! మా ఇంటికి ఇంత దగ్గర్లో జరిగిన సంగతి, వాడు ఈ టాపిక్ చెప్పేదాకా నాకే తెలియదు.

మొదటి రోజు యాప్‌లో ‘పడవ గ్రంథాలయం’ అని కొట్టాడు. సున్నా. "అక్కా, దీని మీద ఎవరూ ఏమీ రాయలేదట, టాపిక్ మార్చుకోనా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది, కానీ వాడి మీద కాదు. రాయలేదని వాడికి ఎవరు చెప్పారు? ఆ ఖాళీ పేజీ చెప్పింది. దొరకకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఆ రెండిటికీ తేడా చెప్పని సెర్చ్ పిల్లల చేత మంచి మంచి టాపిక్కులు వదిలించేస్తుంది.

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా బాధంతా ఇక్కడే ఉంది. గ్రంథాలయం అనే మాట తీసుకోండి. ఒప్పు ఏది? థ. లోపల చుక్క ఉండే థ. కానీ మన ఊళ్ళలో బోర్డులు చూడండి, పుస్తకాల అట్టలు చూడండి, సగం చోట్ల ‘గ్రంధాలయం’ అని ధ కనిపిస్తుంది. స్కాన్ చేసిన పాత పుస్తకాన్ని ఓసీఆర్‌తో, అంటే బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌తో, చదివించినప్పుడు ఇది ఇంకా ముదురుతుంది. నేను ఒక పాత పేజీని పెద్దది చేసి చూపిస్తాను, చూడండి. అచ్చులో సిరా కాస్త పాకి, థ లోపలి చుక్క చుట్టూ ఉన్న గీతలో కలిసిపోయింది. కంటికే ధ లాగా ఉంది, మరి మెషిన్‌కి ఎలా తెలుస్తుంది? పైగా పాత పుస్తకాల్లో అది గ్రంథాలయము. చివర సున్నా ఉండదు, ‘ము’ ఉంటుంది. ఇప్పటి తెలుగులో మనం కొట్టిన మాట వాళ్ళు రాసిన మాటకి తగలదు.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుస్తకాలు బోలెడన్ని ఉన్నాయి కదా, అక్కడ చాలా తెలుగు పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఎక్కించి ఉంటాయి. అంటే గ్రంథాలయాన్ని ఒకరు టీ హెచ్ పెట్టి రాస్తారు, ఒకరు డీ హెచ్ పెట్టి రాస్తారు, దీర్ఘానికి ఒకరు ఒక ఏ, ఇంకొకరు రెండు ఏలు. మనుషుల పేర్లు కూడా అంతే. గ్రంథాలయోద్యమంలో ఎవరైనా మొదట చెప్పే పేరు అయ్యంకి వెంకట రమణయ్య గారిది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టడం వెనుక ఉన్న మనిషి. ఆయన ఇంటిపేరు ఇంగ్లీషులో ఒకచోట ఏతో, ఇంకోచోట ఐతో మొదలవుతుంది. ఒక్క స్పెల్లింగ్‌తో వెతికితే సగం ఆయనే దొరుకుతారు.

నేను ఎం.ఏ. చేసేటప్పుడు సరిగ్గా ఇలాగే ఒక ముఖ్యమైన పుస్తకం పోగొట్టుకున్నాను. అప్పుడు నేను వాడింది వేరే సాఫ్ట్‌వేర్, అదిప్పుడు లేదు. మూడు వారాలు వెతికి, లేదని రాసేశాను. వైవాలో ఎగ్జామినర్ ఆ పుస్తకం పేరు చెప్పారు. అది నేను రోజూ కూర్చున్న రీడింగ్ రూమ్‌లోనే ఉంది. అప్పటి నుంచి నాకు స్పెల్లింగుల నోట్‌బుక్కు ఒకటి అలవాటు. ఇదిగో, తమ్ముడి చేత కూడా రాయించాను. ఒక పేజీకి ఒక మాట. ఈ పేజీ చూడండి: పడవ గ్రంథాలయం, పడవ గ్రంధాలయము, నౌకా గ్రంథాలయం, బోటు లైబ్రరీ, ఇంగ్లీషులో బోట్ లైబ్రరీ, ఫ్లోటింగ్ లైబ్రరీ, కొల్లిపర, పెదవడ్లపూడి, నాగభూషణం. ప్రతిదాని పక్కన ఎక్కడ వెతికాడో, ఏ తారీఖున వెతికాడో. ఈ పేజీ నింపడానికి వాడికి ఒక సాయంత్రం పట్టింది.

ఇంకో మాట రాయమన్నాను: యువ. పాత పత్రికల మీద తారీఖుతో పాటు తెలుగు సంవత్సరం పేరు కూడా చూస్తుంటాం. 1935 అక్టోబరు అంటే యువ నామ సంవత్సరం, చాలా భాగం ఆశ్వయుజం. ఆ సంగతి తెలిస్తే బైండు చేసిన సంపుటంలో ఎక్కడ చూడాలో చెయ్యి తనంతట తానే వెళ్తుంది. ఈ యాప్‌లో 1935 అని ఫిల్టర్ పెట్టుకోవచ్చు. యువ అని పెడితే దానికి తెలియదు.

సరే, మరి దారి ఎక్కడ దొరికింది? శోధగంగలో. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే థీసిస్‌ల భాండాగారం అది, ఉచితం. అక్కడ ఒక్కో థీసిస్‌ని అధ్యాయాలవారీగా వేరువేరు పీడీఎఫ్‌లుగా పెడతారు. అందరూ మొదటి అధ్యాయం తెరుస్తారు. మీరు చివరిది తెరవండి, ఉపయుక్త గ్రంథ సూచి. ఆంధ్ర గ్రంథాలయోద్యమం మీద పీహెచ్‌డీ చేసినవాళ్ళు ఏళ్ళ తరబడి తిరిగి, చేత్తో పుస్తకాలు తిప్పి ఏరిన జాబితా అది. వాళ్ళు కూడా ఆ స్పెల్లింగుల తిప్పలన్నీ పడ్డవాళ్ళే. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ళ నేషనల్ డిజిటల్ లైబ్రరీ కూడా చూశాం. దాని గురించి వేరే వీడియో చేస్తాను, ఇక్కడ మొదలుపెడితే అవ్వదు.

ఆ జాబితా పట్టుకుని ఒక శనివారం ఇద్దరం పాత గ్రంథాలయం ఒకదానికి వెళ్ళాం. లైబ్రేరియన్ గారు పెద్దావిడ. తమ్ముడు ఫోన్ తీసి యాప్ చూపించబోతే, "అది తర్వాత చూద్దాం బాబూ, నీకేం కావాలో నోటితో చెప్పు" అన్నారు. చెప్పాడు. ఆవిడ క్యాటలాగ్ వైపు కూడా చూడలేదు. నేరుగా బీరువా దగ్గరికి వెళ్ళి గ్రంథాలయోద్యమం వాళ్ళ పత్రిక గ్రంథాలయ సర్వస్వము బైండు వాల్యూములు రెండు తెచ్చి బల్ల మీద పెట్టారు. "వార్తలు చూడండి, వ్యాసాలు కాదు. ఇలాంటివి వ్యాసం పేరుతో ఉండవు, పేజీ అడుగున నాలుగు వాక్యాలుగా ఉంటాయి" అన్నారు. ఆ ఒక్క మాటకి నేను ఆవిడ చేతులు పట్టుకున్నాను. పేజీ అడుగున ఉండే నాలుగు వాక్యాలు ఏ క్యాటలాగ్‌లో ఎక్కుతాయి? కాగితం పెళుసుగా ఉంది, మూల పట్టుకుంటే రాలిపోతుందని ఆవిడే పక్కన నిలబడి ఒక్కో పేజీ తిప్పారు.

యాప్‌లో మంచి లేదా? ఉంది, నిజంగా ఉంది. పేజీ ఫొటో తీస్తే దాని కిందే పుస్తకం ఏ బీరువాలో ఉందో చెప్పే కాల్ నంబరు, వాల్యూము, సంచిక, ఏ లైబ్రరీ అన్నీ రాసుకోవచ్చు. అవి ఎప్పటికీ ఫొటోతోనే ఉంటాయి. నేను ఇదివరకు ఫోన్ గ్యాలరీలో వందల ఫొటోలు పెట్టుకుని ఏది ఏ పుస్తకంలోదో తెలియక ఏడ్చినదాన్ని, దీని విలువ నాకు తెలుసు. నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఈ ఒక్క భాగానికి పూర్తి మార్కులు.

కానీ రెండో నెలలో ఒకటి జరిగింది. యాప్‌లో ఉన్న ఏఐ అసిస్టెంట్‌ని తమ్ముడు బోటు లైబ్రరీ గురించి అడిగితే పుస్తకం పేరు, రచయిత, సంవత్సరం, పేజీ నంబరు అన్నీ ఇచ్చింది. వాడు సంబరపడిపోయాడు. వారం రోజులు వెతికాం. అలాంటి పుస్తకం మాకు ఏ క్యాటలాగ్‌లోనూ తగల్లేదు, ఏ గ్రంథ సూచిలోనూ లేదు. ఎక్కడిదని మళ్ళీ అడిగితే క్షమాపణ చెప్పి ఇంకో పుస్తకం పేరు ఇచ్చింది. మేం అడిగిన లైబ్రేరియన్లెవరూ దాని పేరు కూడా వినలేదు. చుక్క పోయిన థని నేను భరిస్తాను, అది సిరా తప్పు. ఆధారమే లేనిదాన్ని ఆధారమని పిల్లాడి చేతిలో పెట్టడం మాత్రం భరించను. అది వాడి ప్రాజెక్టులోకి వెళ్ళి ఉంటే రేపు ఇంకొకరు దాన్ని చూసి రాస్తారు.

కాబట్టి నా మాట: కొనకండి. నోట్సు కోసం వాడతామంటే ఉచిత ప్లాన్ సరిపోతుంది. నాకు ఇచ్చిన ఏడాది అయిపోయాక నేను డబ్బు కట్టను, ఈ సంగతి కంపెనీ వాళ్ళకి కూడా రాశాను. తెలుగులో థ, ధలని, సున్నా, ‘ము’లని కలిపి వెతికే ఏర్పాటు వాళ్ళు పెట్టిన రోజున మళ్ళీ వీడియో చేస్తాను.

వచ్చే వారం తమ్ముడు వేటపాలెం వెళ్తున్నాడు, సారస్వత నికేతనానికి. 1918లో పెట్టిన గ్రంథాలయం, పాత పత్రికలకి పెట్టింది పేరు. ఈలోగా మీలో కొల్లిపర, పెదవడ్లపూడి వైపు వాళ్ళు ఎవరైనా ఉంటే ఒక సాయం చెయ్యండి. ఆ పడవ గురించి మీ తాతలు, అమ్మమ్మలు చెప్పగా విన్నది ఏదైనా ఉంటే, ఏ రేవులో ఆగేదో, ఎవరు దిగేవాళ్ళో, కామెంట్‌లో రాయండి. ఎవరు చెప్పారో, మీకు ఎప్పుడు చెప్పారో కూడా రాయండి. వాడు నోట్‌బుక్కులో మీ కోసం రెండు పేజీలు ఖాళీగా ఉంచాడు.