ఆ ట్రక్కు పేరు సార్సరర్

అందరికీ నమస్కారం. అధ్యక్షుల వారు నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు, వారికి కృతజ్ఞతలు. వేదిక మీదున్న పెద్దలకూ, ఇన్నాళ్ళుగా ఓపికగా ఈ ఫిల్మ్ క్లబ్ నడుపుతున్న మిత్రులకూ, పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారాలు. నాకిచ్చిన అంశం ‘థ్రిల్లర్ సినిమాల్లో కథనం’. దాని మీద రాసుకొచ్చిన కాగితాలు ఇవిగో, నా చేతిలోనే ఉన్నాయి. అయితే ఇందాక బయట మాట్లాడుకుంటున్నప్పుడు ఒక కుర్రాడు, “మంచి సినిమాని కాలమే గుర్తిస్తుందండీ, తొందరేముంది” అన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నా మనసు నిలవడం లేదు. కాబట్టి ఈ కాగితాలు పక్కన పెడుతున్నాను. నిర్వాహకులు మన్నించాలి.

కాలం దేన్నీ గుర్తించదు బాబూ. గుర్తించేది మనుషులు. ఆ మనుషులకు చూడ్డానికి ప్రింటంటూ ఒకటి మిగిలి ఉండాలి. ఒక్క సినిమా కథ చెబుతాను, ఆ తర్వాత మీరే చెప్పండి.

విలియం ఫ్రీడ్‌కిన్ పేరు మీలో చాలామందికి తెలుసు. 1971లో ‘ది ఫ్రెంచ్ కనెక్షన్’ తీసి ఆస్కార్ కొట్టాడు. 1973లో ‘ది ఎగ్జార్సిస్ట్’ తీసి ప్రపంచాన్నంతా భయపెట్టాడు. అంతటి ఊపులో ఉన్న మనిషి 1977లో ‘సార్సరర్’ తీశాడు. జార్జ్ ఆర్నో ఫ్రెంచి నవల దానికి మూలం. అదే నవలని 1953లో ఫ్రెంచి దర్శకుడు క్లూజో ‘ది వేజెస్ ఆఫ్ ఫియర్’గా తీసి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఫ్రీడ్‌కిన్ సినిమాకి ఖర్చు 2 కోట్ల 20 లక్షల డాలర్ల దాకా అయింది. వసూళ్ళు అందులో సగం కూడా రాలేదు. ఆ రోజుల్లో దాన్ని డిజాస్టర్ అన్నారు. ఇవాళ అదే సినిమాని ఆయన అన్నిటికంటే గొప్ప పనిగా చెప్పుకునే అభిమానులున్నారు. 2012లో ‘సైట్ అండ్ సౌండ్’ అనే బ్రిటిష్ సినిమా పత్రిక దర్శకుల్ని అడిగినప్పుడు టారంటినో తనకిష్టమైన పది సినిమాల్లో దీన్నీ రాశాడు.

కథ చిన్నది. దక్షిణ అమెరికాలో ఎక్కడో అడవి మధ్య ఒక మారుమూల ఊరు. పారిస్ నుంచి పారిపోయిన బ్యాంకరు, న్యూజెర్సీలో దోపిడీ చేసి పారిపోయిన గ్యాంగ్‌స్టరు, జెరూసలేంలో బాంబు పెట్టినవాడు, డబ్బు తీసుకుని మనుషుల్ని చంపేవాడు. ఈ నలుగురూ అక్కడికి చేరతారు. దూరంగా ఒక చమురు బావి అంటుకుంటుంది. ఆ మంట ఆర్పాలంటే దాని మీద పెద్ద పేలుడు జరిపి ఒక్క దెబ్బతో మంటని బావి నుంచి విడగొట్టాలి. ఉన్న డైనమైట్‌ని ఏళ్ళ తరబడి ఎవరూ కదిలించకపోవడంతో లోపలి నైట్రోగ్లిసరిన్ కారి పెట్టెల అడుగున చేరింది. కాస్త కుదిపితే చాలు, పేలిపోతుంది. హెలికాప్టర్‌లో పంపుదామంటే దాని అదురుకే ప్రమాదం. అందుకని రెండు పాత ట్రక్కుల్లో ఇసుక పోసి, అందులో ఆ పెట్టెల్ని పెట్టి, 300 కిలోమీటర్లకు పైగా అడవి దారిలో ఈ నలుగురితో పంపిస్తారు. కథంతా ఇంతే. ఒకరంటే ఒకరికి పడని నలుగురు, కలిసి పనిచేస్తే బతుకుతారు, లేదంటే ముక్కలైపోతారు. ఫ్రీడ్‌కిన్ దృష్టిలో అప్పటి ప్రపంచం పరిస్థితీ అదే.

వంతెన సీను గురించి చెప్పకుండా ముందుకు పోలేను. తాళ్ళతో కట్టిన వేలాడే వంతెన. పుచ్చిపోయిన చెక్కలు, కింద పొంగుతున్న నది, పైన కుండపోత వాన. ట్రక్కు ముందు ఒకడు వంతెన మీద వెనక్కి వెనక్కి నడుస్తూ, చేతులూపుతూ దారి చూపిస్తుంటాడు. స్టీరింగ్ దగ్గరున్నవాడికి అద్దంలోంచి వాన తప్ప ఏమీ కనపడదు. చక్రం ఒక చెక్క మీదికి ఎక్కుతుంది, చెక్క వంగుతుంది, విరుగుతుంది. ట్రక్కు మొత్తం ఒక పక్కకి ఒరిగి అక్కడే ఊగుతూ ఉంటుంది. డైలాగు లేదు. అరుపులున్నా గాలిలో వినపడవు. తాడు తెగబోతున్న చప్పుడు, ఇంజను రొద, నీళ్ళ హోరు, అంతే. ఎన్నిసార్లు చూసినా నా చేతులు కుర్చీని పట్టుకునే ఉంటాయి. ఆ టెన్షన్ గ్రాఫిక్స్‌తో వచ్చింది కాదు. 1977లో ఇవాళ్టిలాంటి గ్రాఫిక్స్ ఎక్కడివి! నిజమైన ట్రక్కు, నిజమైన నది, వంతెనని ఊపడానికి కింద హైడ్రాలిక్ యంత్రాలు. మొదట డొమినికన్ రిపబ్లిక్‌లో సుమారు పది లక్షల డాలర్లతో వంతెన కట్టారు. తీరా షూటింగ్ వేళకి నదిలో నీళ్ళు పోయాయి. వంతెనని విప్పి మెక్సికో తీసుకెళ్ళి ఇంకో నది మీద మళ్ళీ కట్టారు. అక్కడా నీళ్ళు తగ్గాయి. ఆయన వదల్లేదు. తెర మీద సుమారు 12 నిమిషాలుండే సీను కోసం నెలలు పట్టింది.

మరి అంత చేసినా ఎందుకు పోయింది? అభిమానులు ‘కాలం కంటే ముందొచ్చిన సినిమా’ అనేస్తారు. ఆ మాట వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఏం జరిగిందో చెప్పదు. జరిగింది జరిగినట్టు చూద్దాం. 1977 మే 25న ‘స్టార్ వార్స్’ వచ్చింది. నెల తిరిగేసరికి, జూన్ 24న ఇది వచ్చింది. హాలీవుడ్‌లోని చైనీస్ థియేటర్‌లో ముందే బుకింగ్ ఉండడంతో స్టార్ వార్స్‌ని తీసి దీన్ని వేశారు. కొన్ని వారాలకే దీన్ని దించేసి స్టార్ వార్స్‌ని మళ్ళీ తెచ్చుకున్నారు. పేరు ఇంకో దెబ్బ. ‘సార్సరర్’ అంటే మంత్రగాడు. ఎగ్జార్సిస్ట్ తీసినాయన మంత్రగాడి సినిమా తీశాడని జనం దెయ్యం కోసం వచ్చారు. తీరా చూస్తే అది ఒక ట్రక్కు పేరు! మైల్స్ డేవిస్ జాజ్ ఆల్బమ్ పేరు నుంచి తీసుకున్నాడు. పైగా సినిమా నాలుగు ఊళ్ళలో నాలుగు ముక్కలుగా మొదలవుతుంది, అందులో చాలాసేపు ఇంగ్లీషే వినపడదు. సినిమా అంతా ఇలా ఉండదని కొన్ని థియేటర్లలో బోర్డు పెట్టాల్సి వచ్చింది.

స్టార్ సంగతి కూడా ఉంది. ఫ్రీడ్‌కిన్‌కి ముందు స్టీవ్ మెక్‌క్వీన్ కావాలి. మెక్‌క్వీన్‌కి స్క్రిప్టు బాగా నచ్చింది. తన భార్య ఆలీ మెక్‌గ్రాని వదిలి అన్ని నెలలు దూరంగా ఉండలేననీ, ఆమెకేదైనా పాత్ర రాయమనీ అడిగాడు. ఫ్రీడ్‌కిన్ కుదరదన్నాడు. ఆ పాత్ర రాయ్ షైడర్ చేశాడు, అద్భుతంగా చేశాడు. ఆ మొహంలో హీరో కనపడడు, దాక్కోవడానికి చోటు లేని మనిషి కనపడతాడు. అయినా మెక్‌క్వీన్ మొహం ఒక్క క్లోజప్ ఉంటే ఎంత అందమైన ప్రకృతి దృశ్యమైనా దాని ముందు దిగదుడుపేనని ఫ్రీడ్‌కిన్ తర్వాత ఎన్నో ఏళ్ళు బాధపడ్డాడు. నాకు మాత్రం షైడరే కావాలి.

ఇవన్నీ ఒక ఎత్తు. నేను అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెబుతున్నాను. అమెరికా బయట ఈ సినిమాని కోశారు! దర్శకుడికి తెలియకుండా, 121 నిమిషాల సినిమాలోంచి దాదాపు అరగంట తీసేసి, పేరు మార్చి, మొదటి నాలుగు కథల్నీ ముక్కలు చేసి ఫ్లాష్‌బ్యాకులుగా అతికించి విడుదల చేశారు. ఒక్కసారి ఆలోచించండి. ఆ నలుగురూ ఏ పాపం చేసి అక్కడికొచ్చారో ముందే చూశాం కాబట్టే వంతెన మీద వాళ్ళ ప్రాణం కోసం మనం కొట్టుకుంటాం. అది ముందు లేకపోతే వాళ్ళు ఎవరో నలుగురు డ్రైవర్లు. నేను మొదట చూసింది ఆ కోసిన ప్రింటే. ఎక్కడెక్కడో ఉన్న ప్రేక్షకులు ఏళ్ళ తరబడి చూసిందీ అదే. దాన్ని చూసి సినిమా బాగోలేదన్నవాళ్ళని ఏమంటాం? వాళ్ళకి సినిమా చూపించనే లేదు కదా. ఆ తర్వాత వచ్చిన డీవీడీ కూడా వెడల్పు తెర సినిమాని పాత టీవీ ఆకారంలోకి కుదించింది. ఎవరైనా లేచి ఇది అన్యాయమని అనాలా వద్దా? అప్పట్లో అన్నవాళ్ళు తక్కువ.

ఇక్కడ ‘వెర్టిగో’ గుర్తొస్తోంది, ఒక్క నిమిషం. 1958లో హిచ్‌కాక్ తీస్తే ఓ మోస్తరుగా ఆడింది. ఆ తర్వాత హక్కులు ఆయన చేతిలో ఉండి, చాలా ఏళ్ళు ఆ సినిమా ఎవరికీ దొరకలేదు. ఆయన పోయాక 1983లో మళ్ళీ బయటికొచ్చింది, 1996లో ప్రింటు బాగుచేశారు, 2012లో అన్ని కాలాల గొప్ప సినిమాల కోసం సైట్ అండ్ సౌండ్ పెట్టిన ఓటింగ్‌లో మొదటి స్థానం. ప్రింటు పెట్టె దాటి బయటికి రాకపోతే ఆ ఓట్లు ఎవరు వేసేవారు? నటుడు చార్లెస్ లాటన్ సంగతి ఇంకా బాధ. 1955లో ‘ది నైట్ ఆఫ్ ది హంటర్’ తీశాడు, అది పోయింది, మళ్ళీ దర్శకత్వం చేయలేదు. 1962లో చనిపోయాడు. ఈ రోజు దాన్ని నెత్తిన పెట్టుకుంటున్నాం, చూడ్డానికి ఆయన లేడు.

ఫ్రీడ్‌కిన్ మాత్రం కూర్చోలేదు. అప్పట్లో పారమౌంట్, యూనివర్సల్ రెండూ కలిసి డబ్బు పెట్టాయి. ముప్పై ఏళ్ళు దాటాక హక్కులు ఎవరివో తేలలేదు. ఎవరైనా వేసుకుంటామంటే మాది కాదు, మాకు తెలియదు అనే జవాబులు. 2012లో డెబ్భై ఆరేళ్ళ వయసులో ఆ మనిషి రెండు స్టూడియోల మీదా కేసు వేశాడు. డబ్బు కోసం వేసిన కేసు కాదది, సినిమా ఎవరి దగ్గరుందో తేల్చమని వేసిన కేసు. తర్వాత వార్నర్ బ్రదర్స్ ముందుకొచ్చింది. ఆయన దగ్గరుండి రంగులూ శబ్దమూ సరిచేయించాడు. 2013లో వెనిస్ చిత్రోత్సవంలో ఆయనకి జీవిత సాఫల్య గోల్డెన్ లయన్ ఇచ్చినప్పుడు ఆ కొత్త ప్రింటే వేశారు. 2014లో బ్లూరే వచ్చింది. ఇప్పుడు మనం చూసి చప్పట్లు కొడుతున్నది దాన్ని. ఆయన 2023 ఆగస్టులో పోయారు, పోయేలోపు నిండిన హాళ్ళలో తన సినిమాని చూసుకున్నారు.

కాబట్టి బాబూ, వెనక వరసలో ఉన్నావు కదా, నీకే చెబుతున్నాను. ఇందులో కాలం చేసిన పని ఏముంది? కాలానికి వదిలేసి ఉంటే నెగెటివ్ పాడయ్యేది, హక్కుల కాగితాలు పోయేవి. అభిమానుల మీద నాకు గౌరవముంది. ఎక్కడెక్కడో చిన్న హాళ్ళలో పాత 35 ఎంఎం ప్రింట్లు వేయించుకుని, చూసినవాళ్ళు మరో నలుగురికి చెప్పి, ఈ సినిమా పేరు పోకుండా చూసుకున్నది వాళ్ళే. నిర్వాహకులు టైము చూపిస్తున్నారు, ముగిస్తున్నాను.

మీ అందరినీ ఒకటే అడుగుతున్నాను. ఇంటికెళ్ళి ఈ సినిమా చూడండి, ముందు నిడివి చూసుకోండి. 121 నిమిషాలు ఉండాలి. మెక్సికోలోని వెరాక్రూజ్, జెరూసలేం, పారిస్, న్యూజెర్సీ, ఈ వరసలో మొదలవ్వాలి. నేరుగా అడవి ఊళ్ళోనే మొదలైతే అది కోసిన ప్రింటు, ఆపేయండి. మొదటి అరగంట ‘హీరో ఎవరు’ అని వెతక్కుండా, ఫోన్ పక్కన పెట్టి చూడండి. టాంజరిన్ డ్రీమ్ అనే జర్మన్ ఎలక్ట్రానిక్ బృందం సంగీతం ఉంది కాబట్టి కాస్త మంచి స్పీకర్లు పెట్టుకోండి. సినిమా తీయకముందే, ఒక్క ఫ్రేము కూడా చూడకుండా, స్క్రిప్టు చదివి చేసిన సంగీతమది. చూశాక నచ్చకపోతే నచ్చలేదని నాతో వాదించండి, వచ్చే నెల సమావేశానికి నేను తప్పకుండా వస్తాను. నిర్వాహకులకు ఇంకో మనవి. వీలైతే ఆ నెల దాన్నే పెద్ద తెర మీద వేయండి. నమస్కారం.