కల్లుప్పు ఎందుకు పనికిరాదు? పగడాల తొట్టికి ఉప్పు ఎంచుకోవడం, కలపడం

నమస్కారం. నా ముందు రెండు గిన్నెలు ఉన్నాయి. ఒకదానిలో శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడుల నుంచి వచ్చిన కల్లుప్పు. రెండోదానిలో బతికున్న పగడాలను పెంచే అక్వేరియం కోసం, అంటే పగడాల తొట్టి కోసం, అమ్మే ఉప్పు. రెండూ తెల్లగానే ఉన్నాయి. ధరలో మాత్రం ఎక్కడా పొంతన లేదు. "కల్లుప్పు కూడా సముద్రం నుంచి వచ్చిందే కదా, దాన్నే నీళ్లలో కలిపితే సరిపోదా?" అని చాలామంది అడుగుతున్నారు. మంచి ప్రశ్న. దీనికి జవాబు ఉప్పు మడిలోనే ఉంది.

మడిలోకి పారించిన సముద్రపు నీరు ఎండకు ఇగిరిపోతున్నప్పుడు అందులోని పదార్థాలన్నీ ఒకేసారి అడుగుకు చేరవు. నీరు సగానికి తగ్గేసరికి కాల్షియం కార్బొనేట్, అంటే మనకు తెలిసిన సున్నపురాయి పదార్థం, పేరుకోవడం మొదలవుతుంది. నాలుగో వంతో అయిదో వంతో మిగిలేసరికి జిప్సం దిగుతుంది. ఇంచుమించు పదో వంతుకు వచ్చాకే మనం తినే ఉప్పు పలుకులు కడుతుంది. దాన్ని పోగుచేశాక మిగిలే చేదు నీటిలో మెగ్నీషియం, పొటాషియం ఉండిపోతాయి. ఉప్పు రైతు ఆ నీటిని వదిలేస్తాడు. అంటే మంచి ఉప్పు పండించడమంటే కాల్షియాన్ని ముందే వదిలించుకుని, మెగ్నీషియాన్ని చివర్లో వదిలేసి, నడుమ ఉన్న సోడియం క్లోరైడును ఏరుకోవడం. వంటకు కావలసింది అదే. పగడానికి కావలసినవి మాత్రం ఆ వదిలేసినవి. రాతి పగడం తన గూడు కట్టుకునేది కాల్షియంతో, కార్బొనేటుతో. తగినంత మెగ్నీషియం లేకపోతే ఆ రెండూ పగడం దాకా చేరకుండానే నీటిలో ఒకదానినొకటి పట్టుకుని తెల్లటి పొడిగా రాలిపోతాయి.

సముద్రంలోని లవణాలను వంద గ్రాములు తూకం వేస్తే అందులో సోడియం, క్లోరైడు కలిసి దాదాపు 86 గ్రాములు. మిగిలిన 14 గ్రాముల కోసమే మనం ఇంత డబ్బు పెట్టేది. ఒక లీటరు సముద్రపు నీటిలో కాల్షియం సుమారు 420 మిల్లీగ్రాములు, మెగ్నీషియం సుమారు 1300 మిల్లీగ్రాములు. ఆల్కలినిటీ, అంటే నీటిలోని కార్బొనేటు, బైకార్బొనేటుల మోతాదు, సుమారు 7 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం). ఈ మూడు అంకెలు గుర్తుపెట్టుకోండి. ఏ ఉప్పు డబ్బా చేతికి తీసుకున్నా ముందు వీటితోనే పోల్చాలి.

హైదరాబాదులో, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో కూర్చుని సముద్రపు నీరు తయారుచేయగలం అన్న ధైర్యం మనకు ఎక్కడ నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. 1872 నుంచి 1876 దాకా చాలెంజర్ అనే బ్రిటిష్ నౌక మహాసముద్రాలన్నీ తిరిగి నీటి నమూనాలు తెచ్చింది. వాటిలో 77 నమూనాలను విలియం డిట్మార్ అనే రసాయన శాస్త్రవేత్త పరీక్షించి 1884లో ఫలితాలు ప్రకటించారు. ఉప్పదనం ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ ఉన్నా, ప్రధాన లవణాల పాళ్లు మాత్రం ఎక్కడైనా దాదాపు ఒక్కటే అని తేలింది. పాళ్లు మారవు కాబట్టే డబ్బాలో నింపి అమ్మగలుగుతున్నారు. నాకు ఈ సంగతి ఎన్నిసార్లు తలచుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది.

విశాఖలోనో కాకినాడలోనో ఉన్నవారికి నేరుగా సముద్రం నుంచే నీళ్లు తెచ్చుకోవాలని అనిపిస్తుంది. నా సలహా వద్దనే. గోదావరి, మహానది, గంగ లాంటి నదుల నీరంతా బంగాళాఖాతంలోకే చేరుతుంది. వానలు, వరదల తరువాత తీరం దగ్గర ఉప్పదనం బాగా పడిపోతుంది. పైగా ఓడరేవుల, పట్టణాల మురుగు ఆ ఒడ్డునే కలుస్తుంది. బిందెలో నీళ్లు తేటగా కనిపించినంత మాత్రాన వాటిని నమ్మలేం.

ఇక ఎంపిక. మార్కెట్లో ఎన్ని పేర్లున్నా స్థూలంగా రెండు రకాలు. ఒకటి, సహజ సముద్రానికి దగ్గరగా 7, 8 డీకేహెచ్ ఆల్కలినిటీ ఇచ్చేది. రెండోది, రాతి పగడాలు వేగంగా పెరగాలని ఆల్కలినిటీ, కాల్షియం పెంచినది. రెడ్ సీ అనే కంపెనీ వారి మామూలు ఉప్పు మొదటి రకం. అదే కంపెనీ కోరల్ ప్రో రెండో రకం. దానిలో ఆల్కలినిటీ 12 దగ్గర ఉంటుంది. ధర ఎక్కువ కాబట్టి రెండోదే మేలనుకోవడం పొరపాటు.

ఒక లెక్క వేద్దాం. మీ తొట్టి 200 లీటర్లు, ఆల్కలినిటీ 8. వారానికి 20 లీటర్లు తీసి 12 ఉన్న నీరు పోస్తే తొట్టిలో 8.4 అవుతుంది. పెద్ద ప్రమాదం లేదు. కానీ ఏదో అనుమానం వచ్చి ఒకేసారి 80 లీటర్లు మార్చారనుకోండి, 9.6కు ఎగబాకుతుంది. ఒక్క పూటలో 1.6 పెరగడాన్ని పగడాలు తట్టుకోలేకపోవచ్చు. అందుకే నేను ఉప్పును ఎంచుకునేది నా తొట్టిలో రోజూ ఉండే ఆల్కలినిటీని చూసే. ఆ అంకెకు దగ్గరగా ఉన్న ఉప్పు ఏదైతే అదే నాకు మంచి ఉప్పు.

మన దేశంలో ఇంకో విషయం ఉంది. రాతి పగడాలన్నీ, సీ ఫ్యాన్లు (విసనకర్ర ఆకారపు పగడాలు) కూడా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన సముద్రాల నుంచి వాటిని తీయడం, అమ్మడం, కొనడం నేరం. ఎవరైనా చవకగా ఇస్తామంటే దయచేసి తీసుకోకండి. ఇక్కడి ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి పుట్టగొడుగు పగడాలు, బటన్ పాలిప్స్, తోలు పగడాలు. ఇవి రాతి గూడు కట్టవు కాబట్టి కాల్షియం ఖర్చు చాలా తక్కువ. వీటికి మొదటి రకం ఉప్పు చక్కగా సరిపోతుంది.

ఉప్పు ఎంత మంచిదైనా నీరు మంచిది కాకపోతే దండగే. బోరు నీరు, కుళాయి నీరు వద్దు. ఇంట్లో ఆర్‌ఓ యంత్రం ఉంది కదా అనుకుంటారు. జాగ్రత్త! మన ఇళ్లలో పెట్టే చాలా యంత్రాల్లో రుచి కోసం కొంత మామూలు నీటిని తిరిగి కలిపే టీడీఎస్ కంట్రోలర్ (టీడీఎస్ అంటే నీటిలో కరిగి ఉన్న పదార్థాల మొత్తం) ఉంటుంది, లేదా ఖనిజాలు కలిపే గొట్టం ఉంటుంది. తాగడానికి అది బాగుంటుంది, తొట్టికి కాదు. యంత్రంలో నీటిని వడగట్టే పొర, అంటే మెంబ్రేన్, నుంచి బయటికి వచ్చే చోటనే నీటిని పట్టి, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ గొట్టం గుండా పంపండి. టీడీఎస్ మీటరు సున్నా చూపించాలి.

కలపడంలో ఒక్క నియమం తప్పకూడదు: నీటిలో ఉప్పు వేయాలి, ఉప్పు మీద నీరు పోయకూడదు. మొదటి సంవత్సరం నేను బకెట్టులో ఉప్పు వేసి పైనుంచి నీళ్లు పోశాను. అడుగున తెల్లటి పొర కట్టింది. రాత్రంతా పంపు తిప్పినా కరగలేదు. మొదట చేరిన కొద్దిపాటి నీటిలో లవణాలన్నీ విపరీతంగా చిక్కబడి, కాల్షియం, కార్బొనేటు కలిసి గట్టిపడిపోయాయి. ఉప్పదనం సరిగ్గానే ఉంది కానీ ఆల్కలినిటీ పడిపోయింది. ఆ నీరు పారబోయడం తప్ప దారి లేకపోయింది.

కాబట్టి ముందు 20 లీటర్ల నీరు, అందులో చిన్న పంపు. నీరు బాగా తిరుగుతుండగా ఉప్పును గుప్పెడు గుప్పెడు చల్లుతూ వేయండి. లీటరుకు సుమారు 38 గ్రాములు పడుతుంది. నేను 700 గ్రాములతో మొదలుపెట్టి, కరిగాక కొలిచి, తక్కువైనంత కలుపుతాను. వేడి నీటిలో చక్కెర బాగా కరుగుతుంది, కాల్షియం కార్బొనేట్ మాత్రం దానికి పూర్తిగా వ్యతిరేకం. నీరు వేడెక్కే కొద్దీ అది విడిపోయి రాలుతుంది. వేసవిలో డాబా మీద కాకుండా ఇంట్లో చల్లటి గదిలో, 25 డిగ్రీల దగ్గర కలపండి. ఆల్కలినిటీ ఎక్కువ ఉన్న ఉప్పు కలిపితే రోజుల తరబడి నిల్వ ఉంచవద్దు; డబ్బా మీద రాసిన గంటల్లోపే వాడేయండి.

డబ్బా తెరిచే ముందు నేల మీద నాలుగైదు సార్లు దొర్లించండి. ప్రయాణంలో సన్నటి పలుకులు కిందికి, ముతకవి పైకి చేరిపోతాయి. మూత గట్టిగా పెట్టండి, ముఖ్యంగా తీరం దగ్గర ఉండేవారు. మెగ్నీషియం క్లోరైడు గాలిలోని తేమను లాగేసుకుంటుంది, ఉప్పు రాయిలా బిగుసుకుపోతుంది.

ఇక కొలత. మనకు కావలసింది 35 పీపీటీ, అంటే కిలో ఉప్పునీటిలో 35 గ్రాముల లవణాలు; స్పెసిఫిక్ గ్రావిటీలో, అంటే మంచినీటితో పోల్చిన సాంద్రతలో, 1.026. కాంతి వంగే తీరును బట్టి ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరును వట్టి నీటితో సున్నాకు సరిచేసి వదిలేస్తే చాలదు, 35 దగ్గర తప్పు చూపించవచ్చు. ఇక్కడే వంటింటి ఉప్పు అక్కరకు వస్తుంది. నగల తూకం లాంటి చిన్న త్రాసుతో 36.5 గ్రాముల ఉప్పు, 963.5 గ్రాముల శుద్ధమైన నీరు తూచి కలపండి. ఈ ద్రావణంలో కాంతి వంగే తీరు 35 పీపీటీ సముద్రపు నీటితో సమానం. ఒక చుక్క గాజు మీద వేసి, అర నిమిషం ఆగి, గీత 35 మీదికి వచ్చేలా మర తిప్పండి. మిగిలిన ద్రావణాన్ని సీసాలో పోసి, మూత పెట్టి, పేరు రాసి ఉంచుకోండి.

ఎండాకాలంలో తొట్టి నీరు రోజుకు ఎంతో ఆవిరవుతుంది. పోయేది నీరే, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. తగ్గినంత మేర శుద్ధమైన నీటినే పోయాలి, ఉప్పు నీటిని కాదు.

ఇదిగో, నా బకెట్టులో నీరు తేటపడింది. ఉప్పదనం 35, వేడి 25 డిగ్రీలు, తొట్టిలోనూ అంతే. ఇప్పుడు పంపు ఆపి, రాళ్ల సందుల్లోని మడ్డిని గొట్టంతో లాగేస్తూ 20 లీటర్లు తీస్తున్నాను. కొత్త నీటిని పగడాల మీద పడకుండా మూలన సన్నటి ధారగా పోస్తున్నాను. చూడండి, పుట్టగొడుగు పగడాలు కొంచెం ముడుచుకున్నాయి. కెమెరా ఇక్కడే పెట్టి ఉంచుతాను, కాసేపట్లో మళ్లీ విచ్చుకుంటాయి.