రైలు టైముకే వచ్చింది, ప్రయాణికురాలు రాలేదు

అందరికీ నమస్కారం.

హైదరాబాద్ మెట్రో మొదటి దశను ఎల్ అండ్ టీ నుంచి రాష్ట్ర ప్రభుత్వం తీసుకునేందుకు 2025 సెప్టెంబరులో సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అప్పటి నుంచి అందరి నోటా ఒకటే మాట: రైళ్లు ప్రభుత్వం నడిపితే మంచిదా, ప్రైవేటు వాళ్లు నడిపితే మంచిదా? నేను మాత్రం కాంట్రాక్టులో ఏం రాస్తారో ముందు అడగమంటాను. ఎందుకో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ కథ విని చెప్పండి.

1999లో అక్కడి విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వం ఆ నగరపు సబర్బన్ రైళ్లను రెండు ముక్కలు చేసి రెండు కంపెనీలకు అప్పగించింది. ఏటా జనం పెరుగుతారు, సబ్సిడీ తగ్గుతుంది. కాగితం మీద లెక్క బ్రహ్మాండంగా ఉంది. అనుకున్నంత రాబడి రాలేదు. 2002 డిసెంబరులో ఆ రెండింటిలో ఒకటైన నేషనల్ ఎక్స్‌ప్రెస్ చేతులెత్తేసి వెళ్లిపోయింది. రైళ్లు ఆపలేరు కదా, భారం ప్రభుత్వం మీదే పడింది. నష్టమొస్తే కంపెనీ వెళ్లిపోగలదు, ఊరు ఎక్కడికి పోతుంది?

2004లో మొత్తం నెట్‌వర్క్ రెండో కంపెనీ కానెక్స్ చేతికి వచ్చింది. 2009 జనవరి ఆఖర్లో వరుసగా మూడు రోజులు ఎండ 43 డిగ్రీలు దాటింది. పట్టాలు వంగాయి, ఏసీలు మొరాయించాయి, వందల ట్రిప్పులు రద్దయ్యాయి. ఆ నవంబరు 30న కానెక్స్ స్థానంలోకి, హాంకాంగ్ మెట్రో నడిపే ఎంటీఆర్ ప్రధాన వాటాదారుగా ఉన్న మెట్రో ట్రైన్స్ అనే కంపెనీ వచ్చింది. బోర్డులు మారాయి. మర్నాడు జనం ఎక్కినవి మాత్రం అవే రైళ్లు.

ఇక నా మనసును పట్టేసిన సంగతి. అక్కడ రైలు 4 నిమిషాల 59 సెకన్ల లోపు ఆలస్యంతో వస్తే టైముకి వచ్చినట్టే లెక్క. ఈ లెక్కను బట్టే బోనస్, జరిమానా. వెర్రిబీ లైనులో ఆల్టోనా వైపు ఒక పక్కదారి ఉంది. సీహోమ్, ఆల్టోనా, వెస్టోనా స్టేషన్లు దాని మీదే ఉన్నాయి. రైలు లేటైతే ఆ మూడూ వదిలేసి, న్యూపోర్ట్ నుంచి నేరుగా లావర్టన్‌కి పంపేసేవారు. పోయిన నిమిషాలు తిరిగొస్తాయి.

సీహోమ్ ప్లాట్‌ఫాం మీద చేతిలో సంచితో ఒక పెద్దావిడ నిలబడిందనుకోండి. ఆ రైలు ఆవిడకి కనిపించను కూడా కనిపించదు, వేరే దారిన వెళ్లిపోతుంది. తర్వాతి బండికి ఇరవై నిమిషాల పైచిలుకు ఆగాలి. రిపోర్టులో మాత్రం ఆ రైలు టైముకే చేరినట్టు పడుతుంది. కంట్రోల్ రూమ్ వాళ్ల ఇబ్బంది కూడా నాకు తెలుసు. ఒక బండి లేటైతే వెనక బండ్లన్నీ లేటవుతాయి, ఒక్కోసారి వదిలేయక తప్పదు. కానీ ఆవిడకి వృథా అయిన సమయానికి ఆ లెక్కలో చోటే లేదు, నా బాధంతా అదే. జనం గట్టిగా గొడవ చేశాక 2017 ఒప్పందంలో టైము పాటించాల్సిన శాతాన్ని 92కి పెంచి, స్టేషన్లు వదిలేయడానికి పగ్గాలు వేశారు.

మనకీ దీనికీ సంబంధం లేదనుకోకండి. 2017లో మన మెట్రో మొదలైనప్పుడు రైళ్లు నడిపే పని అందుకున్నది ఫ్రెంచ్ కంపెనీ కియోలిస్. అదే కియోలిస్ భాగస్వామిగా ఉన్న సంస్థ 2009 నుంచి 2024 దాకా మెల్‌బోర్న్ ట్రాములు నడిపింది. వాళ్లకి కాంట్రాక్టులు చదవడం ఒంటబట్టిన విద్య. బల్లకి ఇవతల మన వైపు కూర్చునేవాళ్లు కూడా అంత చదివినవాళ్లే కావాలి.

మన దగ్గర ప్రతి ప్రయాణికుడూ లోపలికి వెళ్లేటప్పుడూ, బయటికి వచ్చేటప్పుడూ గేటు దగ్గర కార్డో టికెట్టో చూపిస్తాడు. ఎవరికి ఎంతసేపు పట్టిందో ఆ గేట్లకి తెలుసు. ఆలస్యాన్ని రైలు నుంచి కాకుండా ఆ గేట్ల నుంచి లెక్కపెట్టమని అడుగుదాం. టెండరు పిలవక ముందే అడగాలి. సంతకాలయ్యాక మార్చాలంటే ప్రతి మాటకీ మళ్లీ డబ్బు కట్టాలి.