జావా 25 ప్రివ్యూ ఫీచర్లు: రొయ్యల గుంట లెక్కలతో టెస్ట్ చేద్దాం

అందరికీ నమస్కారం. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నా. జావా 25 వచ్చింది 2025 సెప్టెంబర్ 16న. లాంగ్ టర్మ్ సపోర్ట్ ఉన్న వెర్షన్ కాబట్టి కంపెనీలు కొన్నేళ్లు దీన్నే పట్టుకుని ఉంటాయి. "పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్ ఇక అక్కర్లేదు" అని థంబ్‌నెయిల్స్ మీరు చూసే ఉంటారు. అది నిజమే, ఆ ఫీచర్ ఫైనల్ అయిపోయింది. ఈ వీడియోలో నేను చూపించేది ఫైనల్ కానివి. అదే జావా 25 లోపల ఫ్లాగ్, అంటే కమాండ్‌తో పాటు ఇచ్చే ఆప్షన్, పెడితే తప్ప పనిచేయని ప్రివ్యూ ఫీచర్లు ఉన్నాయి. వాటిలో మూడు చూద్దాం.

ముందుగా ప్రివ్యూ అంటే ఏంటో ఒక్క నిమిషం. 2019లో వచ్చిన జావా 12 నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. ప్రివ్యూ అంటే సగం రాసిన కోడ్ కాదు. ఫీచర్ మొత్తం తయారయ్యే ఉంటుంది. కాకపోతే జనం వాడి చూసి ఏమంటారో విన్నాక మార్చొచ్చు, తీసేయనూ వచ్చు. పెళ్లిచూపులు అనుకోండి. చూడండి, మాట్లాడండి, శుభలేఖలు మాత్రం అప్పుడే అచ్చేయించకండి.

వినడం అంటే నిజంగానే వింటారు. జావా 12లో స్విచ్ ఎక్స్‌ప్రెషన్ మొదటిసారి వచ్చినప్పుడు విలువను బయటికి ఇవ్వడానికి బ్రేక్ అనే పదమే వాడారు. గందరగోళంగా ఉందని జనం గోల పెడితే 13లో దాన్ని యీల్డ్ చేశారు, 14లో ఫైనల్ చేశారు. ఇది మంచి ఉదాహరణ. చేదు ఉదాహరణ కూడా ఉంది, స్ట్రింగ్ టెంప్లేట్స్. స్ట్రింగ్ మధ్యలోనే వేరియబుల్ పెట్టుకునే సౌకర్యం. జావా 21లో ప్రివ్యూ, 22లో రెండో ప్రివ్యూ. 23 వచ్చేసరికి డిజైన్ సరిగా కుదరలేదని మొత్తం తీసేశారు. రెండు వెర్షన్లు బతికిన ఫీచర్ కదా, ఇక ఎక్కడికి పోతుందిలే అని ప్రాజెక్టులో వాడినవాళ్లు కూర్చుని ప్రతి లైనూ మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది.

సరే, టెర్మినల్‌లోకి పోదాం. ఉదాహరణకి ఉద్యోగులు, జీతాలు, బ్యాంకు ఖాతాలు నేను తీసుకోను, చూసి చూసి విసుగొచ్చింది. మన జిల్లా కాబట్టి రొయ్యల గుంట తీసుకుందాం. వెనామీ రకం రొయ్యల పంట. గుంటలో సెన్సార్లు డీఓ, పీహెచ్, ఉప్పు శాతం పంపుతుంటాయి. డీఓ అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్. తెల్లవారుజామున అది బాగా పడిపోతుంది, ఆ టైంలో ఏరేటర్లు, అంటే నీళ్లలోకి గాలి కలిపే మెషీన్లు, తిరగకపోతే రైతుకి ఎంత టెన్షనో ఇంట్లో గుంటలున్న వాళ్లకి చెప్పక్కర్లేదు. సెన్సార్లు నా దగ్గర లేవు, రీడింగులు కోడ్‌తోనే పుట్టించా. టెస్టుకి అది చాలు.

మొదటిది ప్రిమిటివ్ ప్యాటర్న్స్. ప్రిమిటివ్ అంటే ఇంట్, డబుల్, బూలియన్ లాంటి జావా మూల రకాలు. 25లో ఇది మూడో ప్రివ్యూ. ఇప్పటిదాకా స్విచ్‌లో డబుల్ పెట్టలేం, లాంగ్ పెట్టలేం, బూలియన్ కూడా పెట్టలేం. ఇంట్ పెట్టొచ్చు కానీ "యాభై కంటే తక్కువైతే" అనే షరతు రాయలేం. ఇప్పుడు రాయొచ్చు. చూడండి, రొయ్యల కౌంట్ తీసుకున్నా. 30 కౌంట్ అంటే కిలోకి 30 రొయ్యలు, పెద్దవి, రేటు ఎక్కువ. 100 కౌంట్ అంటే చిన్నవి. కేస్ ఇంట్ సి, వెన్ సి 40 కంటే తక్కువ, బాణం గుర్తు, "పెద్ద సైజు". ఇట్టా వరసగా రాసుకుంటూ పోవచ్చు. ఇఫ్, ఎల్స్ ఇఫ్ నిచ్చెన లేదు. చదవడానికి హాయిగా ఉంది.

ఫ్లాగ్ లేకుండా కంపైల్ చేస్తే ఏమంటుందో చూడండి. ప్రిమిటివ్ ప్యాటర్న్స్ ప్రివ్యూ ఫీచర్, మామూలుగా ఆపేసి ఉంటుంది, కావాలంటే ఎనేబుల్ ప్రివ్యూ ఫ్లాగ్ పెట్టుకో అంటోంది. ఎర్రర్ మెసేజే దారి చెబుతోంది. జావాసీకి, అంటే జావా కంపైలర్‌కి, ఎనేబుల్ ప్రివ్యూతో పాటు రిలీజ్ 25 అని కూడా ఇవ్వాలి. రన్ చేసేటప్పుడు కూడా ఎనేబుల్ ప్రివ్యూ ఇవ్వాలి, చాలామంది ఇక్కడే మర్చిపోతారు.

ఇప్పుడు డీఓ మీద పెట్టా. డబుల్ డి, వెన్ డి 4 కంటే తక్కువ అయితే "ఏరేటర్ వేయి". 5 కంటే తక్కువ అయితే "కనిపెట్టుకుని ఉండు". చివర్లో షరతు లేని డబుల్ డి, "బాగుంది". ఆ చివరిది తీసేస్తే కంపైలర్ ఒప్పుకోదు, అన్ని విలువలకీ జవాబు లేదంటుంది. అది మంచిదే. కానీ ఇక్కడొక తిరకాసుంది. సెన్సార్ పాడై ఎన్‌ఏఎన్ పంపిందనుకోండి, అంటే అసలు అంకే కాని విలువ. ఎన్‌ఏఎన్ దేనికంటే తక్కువా, ఎక్కువా అని అడిగినా ఫాల్సే వస్తుంది. 4 కంటే తక్కువ కాదు, 5 కంటే తక్కువ కాదు, జారి జారి చివరికి పోయి పడింది. స్క్రీన్ మీద ఏం వచ్చింది? "బాగుంది". సెన్సార్ చచ్చిపోతే గుంట బాగుందట! ఇది ఈ ఫీచర్ తప్పు కాదు, ఇఫ్‌తో రాసినా ఇదే జరుగుతుంది. కాకపోతే స్విచ్ చూడ్డానికి అంత నీట్‌గా ఉంటే అన్నీ చూసుకున్నాం అనే భరోసా వచ్చేస్తుంది. అందుకని మొదటి కేస్‌లోనే ఎన్‌ఏఎన్ చెక్ పెట్టండి. ఇంకోటి, 5 షరతుని 4 షరతు కంటే పైన రాశారంటే 4 దాకా ఎప్పటికీ రాదు. దానికి కంపైలర్ ఒక్క మాట కూడా అనదు, వెన్ తర్వాత ఉన్న షరతుల్లో ఏది దేన్ని మింగేస్తుందో అది లెక్కేయదు. వరస మన బాధ్యతే.

రెండోది నాకు బాగా నచ్చింది, స్ట్రక్చర్డ్ కాంకరెన్సీ. ఒకేసారి నడిచే పనుల్ని ఒక కట్టగా చూసుకునే పద్ధతి. మూడు సెన్సార్లనీ ఒకేసారి అడగాలి. పాత పద్ధతిలో పనుల్ని థ్రెడ్స్ మీద నడిపే ఎగ్జిక్యూటర్ సర్వీస్‌కి మూడు పనులిస్తాం. ఒకటి ఫెయిలైనా మిగతా రెండూ వాటి పాటికి అవి నడుస్తూనే ఉంటాయి, వాటిని వెతికి ఆపాల్సింది మనమే. ఇక్కడ ఒక స్కోప్ తెరుస్తాం, మూడు ఫోర్కులు, ఒక జాయిన్. ఫోర్క్ అంటే పని మొదలెట్టడం, జాయిన్ అంటే వాటి కోసం ఆగడం. స్కోప్ దాటి ఏ పనీ బయటికి పోదు. ఒక్కో ఫోర్కూ మామూలుగా ఒక వర్చువల్ థ్రెడ్, అంటే జావానే నడిపే తేలికపాటి థ్రెడ్, మీద నడుస్తుంది. వర్చువల్ థ్రెడ్స్ జావా 21లోనే ఫైనల్ అయ్యాయి.

టెస్ట్ చూడండి. డీఓ పని ఒక సెకనులో ఎక్సెప్షన్ విసురుతుంది, ఉప్పు శాతం పని పది సెకన్లు నిద్రపోతుంది. రన్. ఒక్క సెకనుకే బయటికొచ్చేసింది! పది సెకన్లు ఆగలేదు, మిగతా వాటిని ఇంటరప్ట్ చేసి, అంటే ఆగమని సిగ్నల్ ఇచ్చి, క్యాన్సిల్ చేసింది. ఇప్పుడు ఆ నిద్ర తీసేసి, ఇంటరప్ట్‌ని పట్టించుకోని లూప్ పెడతా. రన్. ఆగింది, ఇంకా ఆగింది. లూప్ అయ్యాకే వచ్చింది. అంటే బలవంతంగా చంపే మంత్రమేమీ కాదిది. మన కోడ్ ఇంటరప్ట్ వింటేనే ఆగుతుంది.

ఇంకా అసలు ప్రశ్న ఒకటుంది. ఉప్పు శాతం సెన్సార్ పోయిందని డీఓ రీడింగ్ కూడా పారేస్తే రైతు ఊరుకుంటాడా? స్కోప్‌ని ఏమీ చెప్పకుండా తెరిస్తే ఒకటి ఫెయిలైతే అంతా ఫెయిల్. మనకది పనికిరాదు. తెరిచేటప్పుడే అవైట్ ఆల్ అనే జాయినర్ ఇవ్వండి. జాయినర్ అంటే జాయిన్ ఎప్పటిదాకా ఆగాలో చెప్పే నియమం. అన్నీ ముగిసేదాకా ఆగుతుంది, తర్వాత ఏది సక్సెస్, ఏది ఫెయిల్ అని స్టేట్ చూసి ఒక్కోదాన్నీ మనమే తేల్చుకోవచ్చు. ఈ జాయినర్లు 25లో కొత్తగా వచ్చాయి. మీరు 21 నాటి ట్యుటోరియల్ చూసి న్యూ, షట్‌డౌన్ ఆన్ ఫెయిల్యూర్ అని టైప్ చేస్తే కంపైల్ కాదు. ఇప్పుడు ఓపెన్ అనే మెథడ్‌తో తెరవాలి. ప్రివ్యూకి ముందు దశ అయిన ఇన్‌క్యుబేటర్‌గా 19, 20ల్లో వచ్చి, 21 నుంచి ప్రివ్యూలో ఉండి, 25లో ఐదో ప్రివ్యూ ఇది. ఆ ఆలోచన పోతుందని నేననుకోను. పేర్లు మాత్రం ఇంకా కదులుతున్నాయి, 26లో కూడా ప్రివ్యూగానే ఉంచారు.

మూడోది స్టేబుల్ వాల్యూస్. ఒక విలువని అవసరమైనప్పుడే ఒక్కసారి పెడతాం, ఆ తర్వాత జావా కోడ్‌ని నడిపే జేవీఎం దాన్ని ఫైనల్ ఫీల్డ్‌లాగే, అంటే ఇక మారని విలువలాగే, చూసి వేగం పెంచుతుంది. లైబ్రరీలు రాసేవాళ్లకి బంగారం. మనకి? 26లో దీని పేరే లేజీ కాన్‌స్టంట్స్ అని మార్చేసి మెథడ్స్ కూడా తగ్గించారు. కాబట్టి 25 రూపంలో దీన్ని బట్టీ పట్టకండి, వదిలేయండి.

ఫైనల్ అయ్యే ముందు కూడా ఎంత మారతాయో చూడండి. మొదట్లో చెప్పిన ఆ కొత్త మెయిన్ ఫీచరే తీసుకోండి. 23, 24 ప్రివ్యూల్లో ఉత్త ప్రింట్‌ఎల్‌ఎన్ అని రాస్తే సరిపోయేది. 25 ఫైనల్‌లో ఐఓ డాట్ ప్రింట్‌ఎల్‌ఎన్ అని రాయాల్సిందే.

పోయిన వీడియో కింద ఒక తమ్ముడు అడిగాడు, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో ప్రివ్యూ వాడొచ్చా అన్నా అని. వద్దు నాయనా. కారణం ఇదిగో. ప్రివ్యూతో కంపైల్ చేస్తే వచ్చే క్లాస్ ఫైల్ మీద ప్రత్యేకంగా ముద్ర పడుతుంది, వెర్షన్ 69 పాయింట్ 65535 అని. మామూలు జావా 25 క్లాస్ ఫైల్‌ని 26 మీద నడపొచ్చు. ఈ ముద్ర ఉన్నదాన్ని 25 మీదే, అదీ ఫ్లాగ్ ఇస్తేనే నడపగలం. మీ ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా ఆడి, వైవా రోజు ల్యాబ్ మెషీన్‌లో ఎర్రర్ కొడితే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు ఏం చెబుతారు? నేను చూసిన ల్యాబుల్లో ఇంకా 2014 నాటి జావా 8 ఉన్నవి తక్కువేం కాదు.

ఇంట్లో ఆడుకోవడానికైతే జేడీకేతో పాటే వచ్చే జేషెల్ తెరవండి, ఎనేబుల్ ప్రివ్యూ ఫ్లాగ్‌తో. క్లాస్ రాసే పని లేదు, ఒక్కో లైనూ కొట్టి చూడొచ్చు. జేడీకేని, అంటే జావా డెవలప్‌మెంట్ కిట్‌ని, ఇన్‌స్టాలర్‌తో కాకుండా జిప్ తెచ్చుకుని ఒక ఫోల్డర్‌లో విప్పుకోండి, సిస్టమ్ పాత్ సెట్టింగ్ జోలికి పోకండి. మీ పాత జావా అట్నే ఉంటుంది, ఇది నచ్చకపోతే ఫోల్డర్ డిలీట్ చేస్తే అయిపాయె. ఒక్కటి చూసుకోండి, ఇంట్లో పాత మెషీన్ మీద 32 బిట్ విండోస్ ఉంటే ఇది ఎక్కదు. 32 బిట్ విండోస్ కోసం ఉన్న పోర్ట్‌ని జావా 24లోనే తీసేశారు.

అవైట్ ఆల్ కోడ్ మొత్తం డిస్క్రిప్షన్‌లో పెడుతున్నా. గుంటలున్నవాళ్లు ఎవరైనా డీఓ హద్దులు మీరు ఎంత పెట్టుకుంటారో కామెంట్‌లో రాయండి, వచ్చే వీడియోలో ఆ అంకెలతోనే టైమవుట్ కలిపి నడిపిస్తా.