బాలింత ఆందోళన, మాత్రలు, చనుబాలు: తిరుపతి ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: పుత్తూరు నుంచి ఒక శ్రోత ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం మేడమ్. మూడు నెలల పాపతో పుట్టింట్లో ఉన్నాను. పాప నిద్రపోతున్నా రాత్రంతా లేచి లేచి, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందా అని చూస్తుంటాను. డాక్టరు ఆందోళన తగ్గడానికి సెర్ట్రలిన్ అనే మాత్ర రాశారు. వారం వేసుకునేసరికి గుండెదడ ఇంకా ఎక్కువైంది; పాలలోకి మందు దిగుతుందని అమ్మ కూడా భయపడడంతో మానేశాను.

డాక్టరు: మొదటి వారంలో ఆందోళన కాస్త పెరగడం, కడుపులో తిప్పడం చాలామందికి జరిగేదే. అందుకే తరచుగా 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 50కి పెంచుతాము. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు పడుతుంది కనుక, మందు పనిచేయడం మొదలుకాకముందే మీరు ఆపేశారు. ఇక పాల సంగతి: సెర్ట్రలిన్ చనుబాలలోకి చేరేది చాలా స్వల్పం, బిడ్డ రక్తంలో పరీక్షించినా చాలాసార్లు దొరకనంత తక్కువ, బాలింతలకు మేము ముందుగా ఎంచుకొనే మందుల్లో అదొకటి కావడానికి కారణం అదే. పాప నెలలు నిండాకే పుట్టిందా?

శ్రోత: అవును మేడమ్, బరువు కూడా బాగానే పెరుగుతోంది.

డాక్టరు: మంచిది. అయినా పాప మామూలు కంటే మత్తుగా ఉన్నా, పాలు సరిగా తాగకపోయినా పిల్లల డాక్టరుకు చూపించండి. మాత్రను మీ అంతట మీరు తిరిగి మొదలుపెట్టక, రాసిన డాక్టరునే కలవండి. కాన్పు తరువాత థైరాయిడ్ తేడా వల్ల కూడా గుండెదడ రావచ్చు, ఆ పరీక్ష అడగండి. నిద్ర లేకున్నా అలసట తెలియని విపరీతమైన హుషారు మునుపెప్పుడైనా రోజుల తరబడి ఉండి ఉంటే, అది తప్పక చెప్పాలి. అలాంటివారికి ఈ మాత్ర ఒక్కటే ఇస్తే ఉన్మాదం తలెత్తవచ్చు. వేరే మాత్రలేమైనా వాడుతున్నారా?

శ్రోత: నిద్ర పట్టడానికి మందుల అంగడిలో అల్ప్రజోలం ఇచ్చారు. ఒకటి రెండుసార్లే వేసుకున్నాను.

డాక్టరు: చీటీ లేకుండా ఇవ్వకూడని మాత్ర అది, అడిగిన వెంటనే ఇచ్చేస్తున్నారు! దాని మత్తు బిడ్డకూ పాకవచ్చు, ఇకపై వద్దు. ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు కూడా సెర్ట్రలిన్‌తో కలపకూడదు. సెర్ట్రలిన్ మళ్లీ మొదలుపెడితే, నయమయ్యాక కనీసం ఆరు నెలలు కొనసాగించి, మెల్లగా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్లు అనిపించడం ఉంటాయి. చనిపోవాలనో, పాపకు హాని చేయాలనో తలంపు వచ్చినా, లేని మాటలు వినిపించినా, తెల్లవారేదాకా ఆగకుండా ఇంట్లోవారిని వెంటబెట్టుకొని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలి మానస్ 14416కు రాత్రైనా ఫోను చేయవచ్చు.

శ్రోత తల్లి: మరి పాలు చెడిపోవా అమ్మా?

డాక్టరు: చెడవమ్మా. మీరొక పని చేయండి. రాత్రి ఒక విడత పాలు పిండి ఉంచమని, మీరే ఉగ్గుగిన్నెతో పట్టించి, అమ్మాయిని నాలుగైదు గంటలు ఎడతెగకుండా పడుకోనివ్వండి. డాక్టరు మళ్లీ రాసిస్తే, ఉదయం టిఫిను తిన్నాక ఆ మాత్రను మీ చేత్తోనే ఇవ్వండి.