నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు?

శ్రోతలకు నమస్కారం.

"నీకేం కావాలో నీకే తెలియకపోతే ఎలా?" చదువు పూర్తి కావస్తున్నప్పుడు, లేదా చేస్తున్న ఉద్యోగం మనసుకు పట్టనప్పుడు ఈ మాట వినని వాళ్లు తక్కువ. ఇంట్లోవాళ్లు అంటారు, స్నేహితులు అంటారు. నిద్ర పట్టని రాత్రి మనల్ని మనమే అనుకుంటాం. ఏ దారిలో వెళ్లాలో తేలక టెన్షన్ పడుతున్నవారితోనే ఈ పది నిమిషాలూ మాట్లాడాలనుకుంటున్నాను.

1908లో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన అమెరికాలోని బోస్టన్ నగరంలో, ఉపాధి వెతుక్కునే యువతకు సలహా ఇవ్వడానికి ఒక కేంద్రం తెరిచారు. ఆ ఏడాదే ఆయన కన్నుమూశారు కానీ, ఆయన చెప్పిన పద్ధతి నిలిచిపోయింది. ముందు నిన్ను నువ్వు తెలుసుకో, తర్వాత పనుల సంగతి తెలుసుకో, ఆపైన రెండింటికీ పొంతన చూసుకో అన్నారు. మనలో చాలామంది ఆ మొదటి మెట్టు మీదే ఏళ్ల తరబడి కూర్చుండిపోతాం. నాకేది ఇష్టం, నా స్వభావం ఏమిటి అని తవ్వుకుంటూనే ఉంటాం. నన్నడిగితే, ఎటూ తేల్చుకోలేని మనిషికి కొరత ఎక్కువగా రెండో మెట్టు దగ్గరే ఉంటుంది. తన మనసు తనకు కొంతైనా తెలుసు. ఆ ఉద్యోగాల్లో రోజంతా ఏం చేస్తారో మాత్రం తెలియదు.

లాయర్ అనగానే కోర్టులో వాదన గుర్తొస్తుంది. కానీ ఆ వృత్తిలో ఎంతో సమయం కాగితాలు చదవడానికి, రాయడానికి, తమ కేసు పిలిచేదాకా కాచుకోవడానికి పోతుంది. సాఫ్ట్‌వేర్ అంటే కొత్తవి కట్టడమే అనుకుంటాం. ఇతరులు ఎప్పుడో రాసిన కోడ్ చదివి, తప్పు ఎక్కడుందో వెతకడం అందులో పెద్ద భాగం. టీచర్‌కి పాఠం చెప్పే గంట ఎంత ముఖ్యమో, పేపర్లు దిద్దే గంటలూ అంతే తప్పనివి.

అందుకే ఆ పని చేస్తున్న మనిషిని ఒకరిని పట్టుకోండి. "ఈ రంగానికి భవిష్యత్తు ఉందా?" అని అడిగితే ఉపన్యాసం వినిపిస్తారు. "నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు?" అని అడగండి. ఏది విసుగు పుట్టిస్తుందో అడగండి. మానేసి వెళ్లినవాళ్లు ఎందుకు వెళ్లారో అడగండి. నేను అన్నిటికన్నా విలువ ఇచ్చేది ఆ విసుగు గురించిన జవాబుకే. విసుగు లేని పని ఎక్కడా లేదు, కానీ ఏ విసుగును ఓర్చుకోగలమో మనిషికీ మనిషికీ మారుతుంది. గంటల తరబడి లెక్కలు సరిచూడటం ఒకరికి నరకం, మరొకరికి ప్రశాంతత.

కొన్ని సంగతులు వింటే చాలవు, కళ్లతో చూడాలి. చార్లెస్ డార్విన్ 1825లో, 16 ఏళ్ల వయసులో, తండ్రి మాట మీద ఎడిన్‌బరోలో వైద్యం చదవడానికి చేరాడు. మత్తుమందు ఇంకా రాని కాలం అది. ఒక పిల్లవాడికి చేస్తున్న ఆపరేషన్ చూడలేక బయటికి పరుగెత్తాడు. తర్వాత మతగురువు కావాలని కేంబ్రిడ్జ్‌కి పంపారు. అక్కడ పురుగులు సేకరిస్తూ, వృక్షశాస్త్రం చెప్పే ప్రొఫెసర్ హెన్స్‌లో వెంట తిరిగాడు. ఆ పరిచయమే 1831లో అతన్ని బీగిల్ అనే ఓడ ఎక్కించింది. తర్వాత అతను చెప్పిన పరిణామ సిద్ధాంతానికి దారి వేసింది ఆ ప్రయాణమే. ఇంట్లో ఎంత ఆలోచించినా ఆ ఆపరేషన్ గది చెప్పిన సంగతి తెలిసేది కాదు. మీరూ కొన్నాళ్లు ఎవరి పక్కనైనా కూర్చోండి, ఒక చిన్న పని చేతిలోకి తీసుకోండి. ఎవరూ అడగకుండానే మళ్లీ ఆ పని దగ్గరికి వెళ్తున్నారా అన్నది గమనించండి.

ఒక్కసారి ఎంచుకుంటే జీవితమంతా అదే అన్న భయం కూడా మనల్ని కదలనివ్వదు. అమెరికాలో 1957, 1964 మధ్య పుట్టినవారిని ప్రభుత్వం దశాబ్దాలుగా సర్వే చేస్తోంది. 18 ఏళ్ల నుంచి 50లు దాటేలోపు వాళ్లు సగటున 12కు పైగా ఉద్యోగాలు చేశారు. అయితే అన్ని నిర్ణయాలూ ఒకటి కావు. ఏళ్ల తరబడి చదువు, పెద్ద అప్పు కోరే దారి అయితే వెనక్కి రావడం కష్టం. అక్కడ ఎక్కువ మందిని అడగండి, ఎక్కువ సమయం తీసుకోండి. ఆరు నెలల్లో వదిలేయగలిగిన పనికి అంత మథనం అక్కర్లేదు.

ఆగే వీలే లేని వాళ్లూ ఉంటారు, ఇల్లు వాళ్ల జీతం కోసం చూస్తుంటుంది. వచ్చిన ఉద్యోగంలో చేరండి, అందులో ఓడిపోయింది ఏమీ లేదు. చేరాక కూడా నెలకు ఒకరితోనైనా వాళ్ల పని గురించి మాట్లాడుతూ ఉండండి.

పెద్దవాళ్లకు ఒక్క మనవి. ఈ రాత్రి భోజనాల దగ్గర "ఏం నిర్ణయించుకున్నావు?" అని అడగకండి. "ఈ వారం ఎవరి పని చూశావు, ఎలా ఉంది?" అని అడగండి.